అయ్‌లీడ్లు

అయ్‌లీడ్లు "ది ఎల్డర్ స్క్రోల్స్" అనే కంప్యూటర్ ఆటల శ్రేణికి నేపథ్యంగా ఉన్న కల్పిత ప్రపంచంలోని ఒక ప్రాచీన జాతి. కథ ప్రకారం వీరు టామ్రియల్ ఖండం నడుమ ఉన్న సైరోడిల్ ప్రాంతాన్ని పాలించారు. ఆ ప్రాంతం మధ్యలోని రూమారే అనే పెద్ద సరస్సులో ఒక దీవిపై వీరి ప్రధాన నగరం ఉండేది. వీరు నక్షత్ర కాంతిని రాళ్ళలో బంధించిన మంత్రవేత్తలుగా, తెల్లరాతి భూగర్భ నగరాల నిర్మాతలుగా, మానవులను బానిసలుగా వాడుకొన్న క్రూర పాలకులుగా ప్రసిద్ధులు. ప్రథమ యుగం 243వ సంవత్సరంలో ఆ బానిసలే తిరుగుబాటు చేసి సరస్సు నడుమ ఉన్న నగరాన్ని గెలుచుకొన్నారు. తరువాత వెలసిన మానవ సామ్రాజ్యాలకు ఆ నగరమే రాజధాని అయింది.

ఈ ఆటలలో కథలు జరిగే కాలానికి అయ్‌లీడ్ల రాజ్యాలు అంతరించిపోయి ఉంటాయి. ఆటగాడు తన పాత్రకు ఎన్నుకోదగిన జాతులలో అయ్‌లీడ్లు లేరు. అందువలన వీరి సంస్కృతి శిథిలాలు, శాసనాలు, రాళ్ళు, పుస్తకాల ద్వారానే ఆటగాడికి తెలుస్తుంది. ఆ పుస్తకాలలో చాలా భాగం వీరిని ఓడించినవారి సంతతి వ్రాసినవే. ఈ జాతి గురించి చదివేటప్పుడు ఈ విషయం గుర్తుంచుకోవాలి.

పేరు

పాశ్చాత్య జానపద గాథలలో ఎల్ఫ్ అనే పేరుతో కనిపించే, కోసుదేరిన చెవులు, దీర్ఘాయువు గల జాతిని ఈ కల్పిత ప్రపంచంలో "మెర్" అంటారు. ఈ జాతి మూలపురుషులు ఆల్డ్‌మర్‌లు. వీరిలో కొందరు ఖండం నడిభాగానికి వలస వచ్చి అయ్‌లీడ్లు అయ్యారు. వీరికి "హార్ట్‌లాండ్ హై ఎల్వ్స్", "వైల్డ్ ఎల్వ్స్" అనే పేర్లు కూడా ఉన్నాయి. మొదటి పేరుకు నడిభూమి ఉన్నత జాతి అని, రెండవ పేరుకు అడవి జాతి అని అర్థం. ఒకే జాతికి ఇంత భిన్నమైన రెండు పేర్లు ఉండడం గమనార్హం. నగరాలను ఏలిన కాలానికి మొదటి పేరు తగినది. రాజ్యాలు పోయి చెట్టుకొకరు పుట్టకొకరుగా చెదిరిన కాలానికి రెండవ పేరు తగినది. వీరి భాషను అయ్‌లీడూన్ అంటారు.

నేపథ్యం

ఎల్డర్ స్క్రోల్స్ శ్రేణి రోల్ ప్లేయింగ్ ఆటల కోవకు చెందినది. ఇటువంటి ఆటలలో ఆటగాడు ఒక పాత్రను సృష్టించుకొని, ఆ పాత్ర ద్వారా ఒక కల్పిత లోకంలో సంచరిస్తాడు. ఈ శ్రేణిలో మొదటి ఆట "అరీనా" 1994లో వెలువడింది. తరువాత "డాగర్‌ఫాల్" 1996లో, "మోరోవిండ్" 2002లో, "ఒబ్లివియన్" 2006లో, "స్కైరిమ్" 2011లో వచ్చాయి. అనేకులు ఒకేసారి అంతర్జాలంలో ఆడుకొనే "ఎల్డర్ స్క్రోల్స్ ఆన్‌లైన్" 2014లో ప్రారంభమైంది. ఈ శ్రేణి ప్రచురణకర్త అమెరికాకు చెందిన బెథెస్డా సంస్థ.

ఆటలోని ఇళ్ళలో, గ్రంథాలయాలలో, గుహలలో దొరికే పుస్తకాలను తెరచి చదవగలగడం ఈ శ్రేణి ప్రత్యేకత. చరిత్రలు, మత గ్రంథాలు, నాటకాలు, దినచర్యలు వంటివి ఇందులో ఎన్నో ఉన్నాయి. ఈ పుస్తకాలకు ఆ లోకంలోని కల్పిత రచయితలే కర్తలు. వారికి అభిమానాలు, ద్వేషాలు ఉంటాయి. ఒకరు చెప్పినది మరొకరు ఖండిస్తారు. అయ్‌లీడ్ల చరిత్ర కూడా ఇటువంటి పుస్తకాలను పోల్చి చదివితేనే తెలుస్తుంది.

ఈ లోకంలో కాలాన్ని యుగాలుగా విభజించారు. మెరెథిక్ యుగం పురాణ కాలం వంటిది. దాని తరువాత ప్రథమ, ద్వితీయ, తృతీయ, చతుర్థ యుగాలు వస్తాయి. ఒక్కొక్క యుగానికి సంవత్సరాల లెక్క మొదటి నుండి మొదలవుతుంది.

రూమారే సరస్సు

సైరోడిల్ మధ్య భాగంలో రూమారే సరస్సు ఉంది. దీని నడుమ ఉన్న పెద్ద దీవిని సిటీ ఐల్ అంటారు. సరస్సు నుండి నైబెన్ నది దక్షిణంగా ప్రవహించి సముద్రాన్ని చేరుతుంది. చుట్టూ నీటి రక్షణ, దక్షిణాన సముద్రం దాకా జలమార్గం, చుట్టుపక్కల సారవంతమైన నేల ఉండడం వలన ఈ దీవిని పట్టుకొన్నవారిదే సైరోడిల్ అనే పరిస్థితి ఏర్పడింది.

అయితే ఈ సరస్సుకు అయ్‌లీడ్లు మొదటి నివాసులు కారు. "ఫాదర్ ఆఫ్ ది నైబెన్" అనే పుస్తకంలో టోపాల్ అనే ఆల్డ్‌మర్ నావికుని యాత్ర వర్ణించబడింది. అతడు నైబెన్ నదికి ఎదురుగా ప్రయాణించి సరస్సును చేరినప్పుడు అక్కడి దీవులలో రెక్కలు గల పక్షి మనుషులు నివసిస్తూ ఉండేవారట. టోపాల్ వారికి వ్రాత నేర్పి ఆ దీవులపై హక్కు పొందాడని ఆ కావ్య శకలాలు చెబుతాయి. తరువాతి చరిత్రలో ఆ పక్షి మనుషులు కనిపించరు. తమ చరిత్ర తాము వ్రాసుకొనే అవకాశం వారికి దక్కలేదు. అయ్‌లీడ్ల పతనం గురించి చదివేవారు, అంతకు ముందే అదే నీటి మధ్య మరొక జాతి అదృశ్యమైన సంగతిని మరువరాదు.

చరిత్ర

ఆరంభం, నగర రాజ్యాలు

మెరెథిక్ యుగంలో ఆల్డ్‌మర్ వలసదారులు సైరోడిల్ అడవులలో స్థిరపడ్డారు. సరస్సు నడుమ దీవిపై వారు వైట్ గోల్డ్ టవర్, అనగా శ్వేతస్వర్ణ గోపురం నిర్మించారు. దేవతలు నిర్మించినట్లుగా చెప్పబడే అడమాంటైన్ గోపురం దీనికి నమూనా. గోపురం చుట్టూ బండిచక్రం ఆకారంలో నగరం వెలసింది. మధ్యనున్న గోపురం ఇరుసు వలెను, చుట్టూ ఉన్న భాగాలు చక్రంలోని అరల వలెను అమరి ఉంటాయి.

అయ్‌లీడ్లది ఏక సామ్రాజ్యం అనే భావన సరికాదు. నెనలాటా, మిస్కార్‌కాండ్, లిండాయ్, సెర్సెన్, విండాసెల్, సార్డవార్ లీడ్ మొదలైన నగరాలు వేరువేరు రాజుల పాలనలో ఉండేవి. శ్వేతస్వర్ణ నగరానికి వీటిపై ఆధిక్యం ఉన్నా, వాటి మధ్య స్పర్థలు, యుద్ధాలు తప్పలేదు. ఏ దేవతను కొలవాలి అనే విషయంపై కూడా వీరు చీలిపోయారు. ఏడ్రా దేవతలను కొలిచే బార్సెబిక్ వర్గం వారు ఓడిపోయి, ఆగ్నేయాన ఉన్న బ్లాక్ మార్ష్ చిత్తడి నేలలకు వెళ్ళిపోయారు.

బానిసల తిరుగుబాటు

ప్రథమ యుగం 242వ సంవత్సరంలో మానవ బానిసలు తిరుగుబాటు చేశారు. వీరి నాయకురాలు అలెసియా. ఆమె కూడా బానిసగా పుట్టినదే. ఉత్తరాన స్కైరిమ్‌లో ఉన్న నార్డ్ జాతివారు ఆమెకు సహాయం చేశారు. ఆమె పక్షాన పోరాడినవారిలో ఇద్దరి గురించి గాథలు వెలిశాయి. ఒకడు మోరిహౌస్ అనే రెక్కల వృషభం. రెండవవాడు పెలినాల్ వైట్‌స్ట్రేక్ అనే యోధుడు.

243వ సంవత్సరంలో తిరుగుబాటుదారులు శ్వేతస్వర్ణ గోపురాన్ని పట్టుకొన్నారు. అక్కడ అయ్‌లీడ్ల నాయకుడు ఉమారిల్‌ను పెలినాల్ ఓడించాడు. అయితే అయ్‌లీడ్ రాజులు పెలినాల్‌ను పట్టుకొని, మానవులు కొలిచే ఎనిమిది మంది దేవతలను ఎగతాళి చేస్తూ అతని శరీరాన్ని ఎనిమిది ముక్కలు చేశారు. ఉమారిల్ శరీరం నశించినా ఆత్మ నశించలేదు. అలెసియా సైరోడిల్‌కు మొదటి సామ్రాజ్ఞి అయింది. ఆమె 266లో మరణించింది.

పతనం ఒక్కనాటిది కాదు

పాఠ్యపుస్తకాల పద్ధతిలో 243వ సంవత్సరాన్ని అయ్‌లీడ్ల అంతంగా చెప్పడం పరిపాటి. "ది లాస్ట్ కింగ్ ఆఫ్ ది అయ్‌లీడ్స్" అనే పుస్తకం ఈ అభిప్రాయాన్ని సవరిస్తుంది. దీని కర్త హెర్మీనియా సిన్నా. ఆమె ఒబ్లివియన్ ఆటలో పాత్రగా కూడా కనిపించే పండితురాలు. ఆమె వాదనలోని ముఖ్యాంశాలు ఇవి:

* ప్రథమ యుగం తొలి రెండు శతాబ్దాలలో అయ్‌లీడ్ ప్రభువుల మధ్య అంతఃకలహాలు పెరిగాయి. అలెసియా తిరుగుబాటు అటువంటి అంతర్యుద్ధ సమయంలోనే జరిగింది.
* గోపుర ముట్టడిలో నార్డ్‌ల సహాయానికి తగ్గకుండా, తిరుగుబాటు చేసిన అయ్‌లీడ్ ప్రభువుల సహాయం కూడా అలెసియాకు అందింది.
* గెలుపు తరువాత కూడా కొందరు అయ్‌లీడ్ రాజులు ఆమెకు సామంతులుగా తమ ప్రాంతాలను పాలించారు.
* త్రవ్వకాలను బట్టి చూస్తే, కొన్ని నగరాలలో అయ్‌లీడ్లు ఆ తరువాత కూడా చాలాకాలం నివసించారు.

అనగా ఈ యుద్ధం రెండు జాతుల మధ్య జరిగిన యుద్ధం మాత్రమే కాదు. బానిసలను విడిపించిన సేనలో యజమానుల జాతివారు కూడా ఉన్నారు. వారు స్వార్థంతో చేరారో, ధర్మబుద్ధితో చేరారో పుస్తకం తేల్చదు. కాని తరువాతి తరాల విజయగాథలలో వారికి చోటు దక్కలేదు.

సామంతుల అంతం

అలెసియా మరణం తరువాత ఆమె పేరుతో అలెసియన్ ఆర్డర్ అనే మతశాఖ బయలుదేరింది. మరుఖ్ అనే ప్రవక్త బోధలు దీనికి మూలం. ఎల్ఫ్ జాతులపై ద్వేషం ఈ శాఖ సిద్ధాంతాలలో ఒకటి. ప్రథమ యుగం 361లో ఈ శాఖ సామ్రాజ్యంపై అధికారం సంపాదించి తన శాసనాలను అమలు జరిపింది. అయ్‌లీడ్ సామంత రాజ్యాలు రద్దయ్యాయి. దీనికి పెద్ద యుద్ధం అవసరం కాలేదని సిన్నా అభిప్రాయం. తమ కాలం ముగిసిందని గ్రహించిన అయ్‌లీడ్లు చాలామంది సైరోడిల్ వదలి వెళ్ళారు. నైరుతిన ఉన్న వేలెన్‌వుడ్, వాయవ్యాన ఉన్న హైరాక్ ప్రాంతాలలోని ఇతర ఎల్ఫ్ జాతులలో కాలక్రమంలో కలిసిపోయారు.

482లో గ్లెనుంబ్రా మూర్స్ అనే చోట డైరెన్నీ వంశంవారు అలెసియన్ ఆర్డర్ సేనలను ఓడించారు. ఆ యుద్ధంలో డైరెన్నీల పక్షాన అయ్‌లీడ్ల ఆఖరి రాజు తన అనుచరులతో పోరాడాడు. శ్వేతస్వర్ణ గోపురం పతనానికి, ఈ యుద్ధానికి మధ్య 239 సంవత్సరాలు గడిచాయి.

సమాజం, బానిసత్వం

అయ్‌లీడ్ సమాజానికి పునాది బానిసత్వం. సైరోడిల్‌లోని మానవ తెగలను పట్టి నగర నిర్మాణానికి, పొలాలకు, గనులకు వాడుకొన్నారు. అయితే వీరి క్రూరత్వం శ్రమ దోపిడితో ఆగలేదు. "ది సాంగ్ ఆఫ్ పెలినాల్" వంటి గ్రంథాల ప్రకారం అయ్‌లీడ్ ప్రభువులు హింసను ఒక కళగా అభ్యసించారు. బానిసల దేహాలను శిల్పాల వలె మలచడం, వారి అవయవాలతో తోటలు అలంకరించడం, పిల్లలను వినోదం కోసం చంపడం వంటి అకృత్యాలు వాటిలో వర్ణించబడ్డాయి. ఒక్కొక్క నగరానికి ఒక్కొక్క క్రూరత్వం పేరుపొందినట్లు ఆ గ్రంథాలు చెబుతాయి.

ఈ వర్ణనలు శత్రువులు వ్రాసినవి కనుక వాటిలో అతిశయోక్తి ఉండవచ్చునని పాఠకునికి అనిపించడం సహజం. కాని అయ్‌లీడ్ల పట్ల సానుభూతితో వ్రాసిన సిన్నా సైతం, వారు క్రూరమైన బానిస యజమానులు అనే పేరుకు ఆధారం ఉన్నదని ఒప్పుకొంటుంది. కనుక వివరాలలో సందేహం ఉండవచ్చును గాని మూల విషయంలో సందేహం లేదు. వీరి నగరాల సౌందర్యాన్ని మెచ్చుకొనేటప్పుడు ఆ రాళ్ళు మోసినవారు ఎవరు అనే ప్రశ్న కూడా వేసుకోవలసి ఉంటుంది.

మతం

ఈ కల్పిత లోకంలో దైవ శక్తులు ప్రధానంగా రెండు విధాలు. లోక సృష్టిలో పాలుపంచుకొన్నవారు ఏడ్రాలు. పాల్గొననివారు డేడ్రాలు. అయ్‌లీడ్లలో మొదట ఏడ్రాల ఆరాధన ఉన్నా, కాలక్రమంలో అనేక నగరాలు డేడ్రాల వైపు మొగ్గాయి. వెలుగుకు, జీవశక్తికి అధిదేవత అయిన మెరీడియా వీరిలో చాలామందికి ఇష్టదైవం. దీనికి భిన్నంగా, బానిసత్వానికి, దౌర్జన్యానికి అధిపతి అయిన మొలాగ్ బాల్‌ను కొలిచిన నగరాలు కూడా ఉన్నాయి. మొలాగ్ బాల్‌ను కొలిచిన అబగర్లాస్, మెరీడియాను కొలిచిన డెలోడీల్ నగరాల మధ్య వైరం ఎల్డర్ స్క్రోల్స్ ఆన్‌లైన్‌లో ఒక కథాంశం.

ఉమారిల్ మెరీడియాకు ప్రీతిపాత్రుడు. అతని తల్లి అయ్‌లీడ్ కాగా, తండ్రి మునుపటి కల్పానికి చెందిన ఒక నదీ సంబంధమైన దేవుడని చెప్పబడింది. ఇక్కడ ఆంగ్ల మూలంలో "కల్ప" అనే మాటనే వాడారు. సృష్టి, ప్రళయాలు చక్రం వలె తిరుగుతాయనే భావనతో సహా ఈ సంస్కృత పదాన్ని ఆట రచయితలు స్వీకరించారు. తెలుగు పాఠకులకు ఈ భావం సులభంగా బోధపడుతుంది.

నక్షత్ర కాంతి

అయ్‌లీడ్ల తత్వచింతనలో లోకం భూమి, నీరు, గాలి, వెలుగు అనే నాలుగు మూలకాలతో ఏర్పడింది. వెలుగులన్నిటిలో నక్షత్ర కాంతి శ్రేష్ఠమైనది. దీనికి కారణం ఈ లోకపు సృష్టిగాథలో ఉంది. సృష్టి సమయంలో మాగ్నస్ అనే దేవుడు లోకాన్ని వదలి ఈథీరియస్ అనే ఊర్ధ్వలోకానికి వెళ్ళిపోయాడు. అతడు వెళ్ళిన రంధ్రమే సూర్యుడు. అతని వెంట వెళ్ళినవారు చేసిన రంధ్రాలే నక్షత్రాలు. ఆ రంధ్రాల ద్వారా పైలోకపు మంత్రశక్తి భూమిపైకి ప్రసరిస్తుంది. కావున నక్షత్ర కాంతిని పట్టడం అంటే మంత్రశక్తిని మూలం వద్దనే పట్టడం.

ఆకాశం నుండి రాలిన ఉల్కల గాజుతో అయ్‌లీడ్లు ఈ పని చేశారు. వారు చేసినవాటిలో ముఖ్యమైనవి:

* వెల్కిండ్ రాళ్ళు: నీలి కాంతితో వెలిగే రాళ్ళు. భూగర్భ మందిరాలలో దీపాల వలె అమర్చేవారు. ఆటగాడు వీటిని వాడితే తరిగిపోయిన మంత్రశక్తి తిరిగి వస్తుంది. ఒకసారి వాడిన రాయి మళ్ళీ పనికిరాదు.
* వర్లా రాళ్ళు: అరుదుగా దొరికేవి. మంత్రించిన ఆయుధాలకు తగ్గిన శక్తిని ఇవి తిరిగి నింపుతాయి.
* మహా వెల్కిండ్ రాళ్ళు: ఒక నగరమంతటికీ మూలశక్తిగా ఉండేవి. కొల్లగొట్టేవారి వలన ఇవి దాదాపు అన్నీ పోయాయి.
* అయ్‌లీడ్ బావులు: కొండలపై, అడవులలో ఒంటరిగా కనిపించే తెల్లరాతి కట్టడాలు. ఇందులో ఉండేది నీరు కాదు, వెలుగు. వీటిని తాకినవారికి మంత్రశక్తి లభిస్తుంది.

ఈ రాళ్ళను తయారు చేసే విద్య వీరితోనే పోయింది. తరువాతి మంత్రవేత్తలు వాటిని వాడగలిగారు గాని కొత్తవాటిని చేయలేకపోయారు. అందువలన దొరికిన ప్రతి రాయితోను మిగిలినవాటి సంఖ్య తగ్గుతూ వస్తుంది. మంత్రశక్తి కోసం ఆటగాడు రాయిని వాడిన ప్రతిసారి ఆ సంస్కృతిలో మిగిలిన భాగం కొంత తరిగిపోతుంది.

వాస్తు

అయ్‌లీడ్ శిథిలాలు పైనుండి చూడడానికి చిన్నవి. విరిగిన తెల్లని స్తంభాలు, తోరణాలు, గడ్డిలో కూరుకొన్న మెట్లు మాత్రమే కనిపిస్తాయి. నగరం అసలు భాగం భూగర్భంలో ఉంటుంది. తలుపు తీసి దిగితే ఎత్తైన మందిరాలు, కమానులు, నీలి దీపాల వరుసలు, నీటితో నిండిన గదులు ఎదురవుతాయి. నక్షత్రాలను అంతగా ఆరాధించినవారు నేల క్రింద నివసించడం వింతగా తోస్తుంది. ఆకాశం కనిపించని చోటికి నక్షత్రాల వెలుగును దింపుకొన్నారని దీనిని అర్థం చేసుకోవచ్చును.

ఈ మందిరాలలో ఉచ్చులు అధికం. పైకప్పుకేసి నొక్కి చంపే అరుగులు, విషవాయువులు, ముళ్ళ గుంతలు, మీట నొక్కితే తెరుచుకొనే రహస్య ద్వారాలు కనిపిస్తాయి. అస్థిపంజరాలు, ప్రేతాలు కాపలా కాస్తూ ఉంటాయి. తరువాతి కాలంలో దొంగలు, క్షుద్రవిద్య అభ్యసించేవారు ఈ శిథిలాలలో స్థావరాలు ఏర్పరచుకొన్నారు.

భాష

అయ్‌లీడూన్ భాష పూర్తి రూపంలో ఇవ్వబడలేదు. శాసనాలు, స్థలనామాలు, కొన్ని వాక్యాల ద్వారా కొంత పదజాలం తెలుస్తుంది. కొన్ని పదాలు:

* వర్లా: నక్షత్రం
* వెల్కిండ్: ఆకాశ శిశువు
* మొలాగ్: నిప్పు
* మాఫ్రే: మంచు
* అన్యమ్మిస్: జీవం
* నగయా: మరణం
* గర్లాస్: గుహ
* ఆగియా: జ్ఞానం

ఒబ్లివియన్‌లో వాహ్టాసెన్ అనే శిథిల నగరంలో ఒక స్తంభం చుట్టూ నాలుగు వాక్యాలు చెక్కి ఉంటాయి. ఆ వాక్యాల అర్థం తెలుసుకొని తగిన మంత్రం ప్రయోగిస్తేనే స్తంభం తొలగి దారి ఏర్పడుతుంది. అర్థం తెలియకుండా ప్రయోగిస్తే స్తంభం ఎదురుదెబ్బ తీస్తుంది. కత్తితో కాక భాషాజ్ఞానంతో దారి తెరవవలసిన ఈ ఘట్టం అధ్యాపకులకు, విద్యార్థులకు ప్రత్యేకంగా నచ్చుతుంది.

వారసత్వం

అయ్‌లీడ్లను ఓడించినవారు వారి నగరాన్ని కూల్చలేదు. అందులోనే నివసించారు. శ్వేతస్వర్ణ గోపురం మానవ చక్రవర్తుల ప్రాసాదం అయింది. చక్రాకార నగరానికి ఇంపీరియల్ సిటీ అనే పేరు వచ్చింది. మానవ సామ్రాజ్యపు గుర్తుగా లోకమంతా భావించే కట్టడం నిజానికి వారి పూర్వ యజమానులది.

మతంలో ఈ వారసత్వం మరింత లోతైనది. "షెజార్ అండ్ ది డివైన్స్" అనే పుస్తకం ప్రకారం, అలెసియా రాజ్యానికి వచ్చినప్పుడు ఆమెకు ఒక చిక్కు ఎదురయింది. ఆమె ప్రజలు తరతరాలుగా అయ్‌లీడ్ల దేవతలకు మొక్కినవారు. వారిలో అకటోష్ ప్రధానుడు. ఆ దేవతలను వదలడానికి వారు ఇష్టపడలేదు. ఆమె మిత్రులైన నార్డ్‌లకు ఎల్ఫ్ జాతి దేవతలంటే గిట్టదు. ఆమె రెండు సంప్రదాయాలను కలిపి ఎనిమిది మంది దేవతల కొత్త మతాన్ని ఏర్పరచింది. ఈ విధంగా బానిసలు తమ యజమానులను తరిమివేసినా, యజమానుల దేవతలు వారి గుడులలోనే నిలిచిపోయారు.

ఆటలలో అయ్‌లీడ్లు

ఒబ్లివియన్ ఆట తృతీయ యుగం 433లో జరుగుతుంది. చెరసాల నుండి మురుగు కాలువ ద్వారా బయటపడిన ఆటగాడు రూమారే సరస్సు ఒడ్డున తేలుతాడు. అప్పుడు నీటికి ఆవలి వైపు మొదట కనిపించే కట్టడం విల్వెరిన్ అనే అయ్‌లీడ్ శిథిలం. ఎందరో ఆటగాళ్ళకు ఈ జాతితో పరిచయం ఆ తెల్లరాళ్ళతోనే మొదలయింది.

ప్రధాన కథలో మిస్కార్‌కాండ్ నుండి మహా వెల్కిండ్ రాయిని తీసుకొని రావలసి ఉంటుంది. ఆ నగరపు మృత రాజు దానిని ఇంకా కాపాడుతూ ఉంటాడు. మరొక కథలో ఉంబకానో అనే ధనికుడు అయ్‌లీడ్ల పురావస్తువులను సేకరిస్తుంటాడు. ఆటగాడు అతని కోసం పది చిన్న విగ్రహాలను, తరువాత ఒక శిల్పాన్ని, చివరకు ఆఖరి రాజు కిరీటాన్ని వెదకాలి. పురావస్తువులపై జిజ్ఞాసగా మొదలైన ఉంబకానో కోరిక క్రమంగా అధికార వాంఛగా మారుతుంది. నెనలాటా సింహాసన మందిరంలో అది అతని వినాశనంతో ముగుస్తుంది. కిరీటం అతనికి దక్కరాదని ఆటగాడిని హెచ్చరించే పండితురాలు పైన పేర్కొన్న హెర్మీనియా సిన్నాయే.

2006లోనే వెలువడిన "నైట్స్ ఆఫ్ ది నైన్" అనే అనుబంధ కథలో ఉమారిల్ ఆత్మ తిరిగి వస్తుంది. ఆటగాడు పెలినాల్ కవచాన్ని, ఆయుధాలను సేకరించి అతనిని ఎదుర్కోవాలి. ఎల్డర్ స్క్రోల్స్ ఆన్‌లైన్ కథ ద్వితీయ యుగంలో జరుగుతుంది. అందులో ఆఖరి అయ్‌లీడ్ రాజు లాలోరియారాన్ డైనార్ సజీవంగా కనిపిస్తాడు. పుస్తకాలలో ఇతరులు చెప్పగా విన్న జాతి నుండి ఒకరు స్వయంగా మాట్లాడడం ఇందులోని విశేషం. ఈ ఆటకు 2015లో వచ్చిన "ఇంపీరియల్ సిటీ" అనుబంధంలో శ్వేతస్వర్ణ గోపురం యుద్ధరంగం అయింది. 2025 ఏప్రిల్‌లో ఒబ్లివియన్ నవీకరించిన రూపంలో మళ్ళీ విడుదలైంది.

కాలక్రమం

* మెరెథిక్ యుగం: ఆల్డ్‌మర్‌ల రాక, శ్వేతస్వర్ణ గోపుర నిర్మాణం.
* ప్రథమ యుగం 242: అలెసియా నాయకత్వంలో బానిసల తిరుగుబాటు.
* 243: శ్వేతస్వర్ణ గోపురం పతనం.
* 266: అలెసియా మరణం.
* 361: అలెసియన్ ఆర్డర్ అధికారం, సామంత రాజ్యాల రద్దు.
* 482: గ్లెనుంబ్రా మూర్స్ యుద్ధం.
* తృతీయ యుగం 433: ఒబ్లివియన్ ఆట కథా కాలం.

ఆధారాల పరిశీలన

అయ్‌లీడ్ల గురించిన కల్పిత గ్రంథాలు ముఖ్యంగా రెండు విధాలు. మొదటివి విజయగాథలు. "ది సాంగ్ ఆఫ్ పెలినాల్" వీటిలో ప్రధానమైనది. ఇందులో ఎనిమిది భాగాలున్నాయి. ఇది అలెసియా పక్షపు గాథ అయినప్పటికీ తన నాయకుని దోషాలను పూర్తిగా దాచలేదు. పెలినాల్‌కు ఉన్మాదం కలిగినప్పుడు దోషులు, నిర్దోషులు అనే తేడా లేకుండా చంపేవాడని, దానికి దేవతలే ఆగ్రహించారని అందులోనే ఉంది. రెండవవి పండితుల చరిత్రలు. సిన్నా గ్రంథం వీటికి ఉదాహరణ. ఇవి త్రవ్వకాలను, పాత పత్రాలను ఆధారం చేసుకొని విజయగాథలను పరీక్షిస్తాయి.

ఈ రెండు విధాల గ్రంథాలను కలిపి చదివిన విద్యార్థికి రెండు విషయాలు అర్థమవుతాయి. ఒక జాతి పాలన అన్యాయమైనదైనా, ఆ జాతిలోని ప్రతి వ్యక్తి ఒకే పక్షాన నిలబడలేదు. అట్లే, విముక్తి కోసం జరిగిన పోరాటం న్యాయమైనదైనా, దాని పేరుతో శతాబ్దం తరువాత అలెసియన్ ఆర్డర్ చేసిన పనులు అన్నీ న్యాయమైనవి కావు. 243లో గోపురాన్ని పట్టుకొన్న బానిసల కథ, 361లో సామంతులను వెళ్ళగొట్టిన మతశాఖ కథ ఒకటి కాదు. తరువాతివారు మొదటివారి పేరు పెట్టుకొన్నందువలన రెండూ ఒకటే అనిపిస్తాయి.

ఇది కల్పిత చరిత్ర అయినా, ఆధారాలను పోల్చి చదివే పద్ధతి మాత్రం కల్పితం కాదు. ఒక తేదీ వెనుక ఎన్ని తరాలు ఉన్నాయో, ఒక గాథలో ఎవరి మాట లేదో వెదకడం నిజమైన చరిత్ర పఠనంలోను అవసరమే.